24 రాళ్ల పెట్టె, 10ఎక్స్ లెన్స్: ఒక సెమిస్టరు వాడాక నా మాట

బీఎస్సీ జియాలజీలో చేరిన కొత్తలో ఆన్‌లైన్‌లో రెండు వస్తువులు తెప్పించుకున్నాను. ఒకటి 24 రకాల రాళ్లు, ఖనిజాలు ఉన్న చెక్కపెట్టె, 1,650 రూపాయలు. రెండోది 10ఎక్స్ హ్యాండ్ లెన్స్, అంటే పదింతలు పెద్దగా చూపించే చిన్న అద్దం, 420 రూపాయలు. రెండూ వేర్వేరు అమ్మకందార్ల దగ్గర కొన్నవి. మొన్ననే ప్రాక్టికల్స్ అయిపోయాయి. ఇన్ని నెలలు రోజూ చేతిలో తిరిగిన వస్తువులు కాబట్టి, వచ్చే ఏడాది ఫిజికల్ జియాలజీ పేపరు చదవబోయేవాళ్ల కోసం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది చంద్రగిరి. నాయన ఆర్టీసీ డ్రైవరు, పద్దెనిమిదేళ్లుగా తిరుమల ఘాట్ రోడ్డు మీదే డ్యూటీ. బ్రహ్మోత్సవాలప్పుడు అదనంగా చేసిన డ్యూటీ డబ్బుల్లోంచి ఈ రెండింటికీ ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒకే మాట అన్నాడు: "రాళ్లు కొనేదేంది పాపా, మన ఊర్లో రాళ్లకు కరువా?" ఆ ప్రశ్నకు జవాబు నాకు సెమిస్టరు చివర్లో గానీ దొరకలేదు.

అసలు ఎందుకు కొన్నానంటే, ల్యాబ్‌లో శాంపిల్స్ ఉన్నా అవి అందరికీ కలిపి ఒక్క ట్రే. రాయి చేతులు మారి మారి మన దగ్గరికి వచ్చేసరికి టైం అయిపోతుంది. చూసింది రికార్డులో బొమ్మ వేసుకోవడానికి సరిపోతుంది కానీ చేతికి అలవాటు కాదు. ఈ పేపరులో చేతికి అలవాటు కావడమే సగం చదువు.

ముందు లెన్స్ సంగతి. మడత పెట్టుకునే రకం, స్టీలు తొడుగు, అద్దం వెడల్పు 18 మిల్లీమీటర్లు. తాడు ఇవ్వలేదు, నేనే నల్లదారం కట్టి మెడలో వేసుకున్నాను. మొదటి వారం దాన్ని తాతలు పేపరు చదివే భూతద్దంలాగా రాయికి దగ్గరగా, కంటికి దూరంగా పట్టుకున్నాను. ఏమీ కనపడలేదు, లెన్స్ బాగాలేదేమో అనుకుని రిటర్న్ పెట్టబోయాను కూడా. మా మేడం చూసి చెయ్యి పట్టుకుని సరిచేశారు. లెన్స్ కంటికి ఆనేంత దగ్గర ఉండాలి. పట్టుకున్న చెయ్యి చెంపకు ఆనాలి, లేకపోతే వణుకుతుంది. తర్వాత రాయిని లెన్స్ వైపు మెల్లగా తీసుకురావాలి. 10ఎక్స్ అయితే రెండున్నర సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది, అంటే సుమారుగా బొటనవేలి చివరి కణుపంత దూరం. రెండో కన్ను మూయక్కర్లేదు, మూస్తే పది నిమిషాలకే తలనొప్పి వస్తుంది. వెలుగు రాయి మీద పడేలా నిలబడాలి.

అలా సరిగ్గా పట్టుకుని నేను మొదట చూసింది పెట్టెలోని రాయిని కాదు, మా ఇంటి ముందు అరుగు బండని. పుట్టినప్పటి నుంచీ కూర్చున్న బండ అది. మామూలుగా చూస్తే బూడిదరంగు, అంతే. లెన్స్‌లో మూడు రకాల గింజలు వేరువేరుగా కనిపించాయి. లేత గులాబీ రంగువి ఫెల్డ్‌స్పార్. తల కొంచెం పక్కకు వంచితే దాని చదునైన ముఖం ఒక్కసారి తళుక్కుమంటుంది, ఇంకొంచెం వంచితే ఆరిపోతుంది. బూడిదరంగువి క్వార్ట్జ్, మనం పలుగురాయి అనేది. తల ఎంత తిప్పినా అది తళుక్కుమనదు, పగిలిన గాజుపెంకులా జిడ్డు మెరుపు మెరుస్తూ ఉంటుంది. మధ్యమధ్యలో నల్లగా, పొరలు పొరలుగా బయోటైట్, నల్ల అభ్రకం. క్లీవేజ్ అంటే ఒక ఖనిజం ఎప్పుడూ అవే దిక్కుల్లో చదునుగా విడిపోవడం అని నోట్స్‌లో రాసుకున్నాను కానీ, అరుగు మీద కూర్చుని ఆ తళుకు చూశాకే నాకు అది అర్థమైంది. ఆ సాయంత్రం అమ్మ పిలిచినా వినపడనంతగా చూశాను.

కొనేటప్పుడు 30ఎక్స్, 60ఎక్స్ అని రాసినవి ఇంకా తక్కువ ధరకే కనిపిస్తాయి. వద్దు. పెద్దగా చూపించే కొద్దీ కనిపించే చోటు చిన్నదవుతుంది, వెలుగు తగ్గుతుంది, రాయి కొంచెం కదిలినా మసక అయిపోతుంది. రాళ్లకు 10ఎక్స్ చాలు. నాది నాలుగు నెలల్లో రెండుసార్లు సిమెంటు నేల మీద పడింది, తొడుగు గీసుకుంది కానీ అద్దానికి ఏమీ కాలేదు. దీనికి ఐదుకు ఐదు మార్కులు వేస్తాను.

ఇక పెట్టె. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి.

లోపల స్పాంజిలో 24 అరలు. ఒక్కో అరలో రేగుపండంత రాయి, మీద నంబరు. మూతకు అతికించిన చీటీలో నంబరుకు ఎదురుగా పేరు. ఖనిజాలు 14, శిలలు 10. నాకు బాగా ఉపయోగపడింది ఖనిజాల వరుస. మోస్ కాఠిన్యపు కొలతలో టాల్క్ నుంచి క్వార్ట్జ్ దాకా ఏడూ ఉన్నాయి. 1812లో ఫ్రెడ్రిక్ మోస్ పెట్టిన కొలత ఇది. ఏది దేన్ని గీస్తుందో చూడటం, అంతే. గోరు రెండున్నర, చాకు సుమారు ఐదున్నర. టాల్క్‌ను గోటితో గీయగానే చిన్నప్పటి బలపం గుర్తొచ్చింది. బలపం చేసేది ఈ జాతి రాయితోనే, అందుకే దాన్ని బలపపు రాయి అంటారు. జిప్సం కూడా గోటికి లొంగుతుంది. కాల్సైట్ గోటికి లొంగదు, చాకుకు లొంగుతుంది. ఏడు రాళ్లూ చాపమీద పెట్టుకుని ఒకదాంతో ఒకటి గీస్తూ పోతే గంటలో ఈ పట్టిక జన్మలో మర్చిపోం. ఒక్క జాగ్రత్త: గీత పడిందా, లేక మెత్తని రాయి పొడి గట్టిరాయి మీద అంటుకుందా అని వేలితో తుడిచి చూసుకోవాలి. నేను చాలాసార్లు అక్కడే తప్పు చేశాను.

ఖనిజాన్ని గరుకు పలక మీద గీస్తే పడే పొడి గీత రంగు కూడా దాని గుర్తే. అది చూడటానికి పెట్టెలో పింగాణీ పలక ఇవ్వలేదు. బాత్రూం టైలు వెనక వైపు, మెరుపు లేని గరుకు భాగం సరిగ్గా పనికొస్తుంది. హెమటైట్ ముక్క చూడ్డానికి నల్లగా, ఉక్కులా ఉంది. టైలు మీద గీస్తే ఎండిన రక్తంలా ఎర్రటి గీత పడింది. పక్కింటి అక్క కూతురు ఏడో తరగతి, ఆ గీత చూసి మళ్లీ మళ్లీ గీయమంది. పైరైట్ బంగారంలా మెరుస్తుంది కానీ గీత నల్లగా వస్తుంది, అసలు బంగారం గీత పసుపే. కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం దగ్గర బంగారు గనులు తవ్విన సంగతి క్లాసులో చెప్పినప్పుడు నాకు ఈ రెండు గీతలే కళ్ల ముందు మెదిలాయి.

ఇప్పుడు లోపాలు. పెట్టెలో 7వ నంబరు క్వార్ట్జ్ అని, 11వ నంబరు కాల్సైట్ అని రాసి ఉంది. రెండూ తెల్లవే. ఒకరోజు రాత్రి 7వ నంబరును చాకుతో గీశాను, గీత పడింది. క్వార్ట్జ్ కాఠిన్యం ఏడు, చాకు దాన్ని గీయలేదు. నాదే పొరపాటేమో అని తుడిచి చూశాను, గీత అలాగే ఉంది. లెన్స్‌లో చూస్తే విరిగిన అంచులు పక్కకు ఒరిగిన పెట్టెల్లా ఏటవాలు చదునులు. పలచగా, పారదర్శకంగా ఉన్న అంచును నోట్సులో ఒక అక్షరం మీద పెడితే అక్షరం రెండుగా కనిపించింది. అది కాల్సైట్ లక్షణం. 11వ నంబరు తీసి చూస్తే చాకు జారిపోయింది, రాయి మీద చాకు ఇనుము గీత మిగిలింది. మర్నాడు రెండూ ల్యాబ్‌కు తీసుకెళ్లాను. అటెండరన్న డైల్యూట్ హెచ్‌సీఎల్, అంటే నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక చుక్క వేశాడు. 7వ నంబరు మీద బుస్సున నురగ వచ్చింది, 11వ నంబరు మీద చుక్క ఊరికే నిలబడింది. రెండు రాళ్లూ అటూ ఇటూ అయ్యాయి.

నాకు సంతోషం, కోపం రెండూ కలిగాయి. సంతోషం ఎందుకంటే నేర్చుకున్నది పనిచేసింది. కోపం ఎందుకంటే, ఈ పెట్టె స్కూలు పిల్లలకు కూడా అమ్ముతున్నారు. చాకు తీసుకుని సరిచూసుకునే వయసు లేని పిల్లలు ఆ చీటీనే నమ్ముతారు, ఆ తప్పే గుర్తుపెట్టుకుంటారు. అమ్మకందారుకు ఫొటోలతో సహా రాశాను. ఎనిమిది రోజుల తర్వాత "రాళ్లు సహజమైనవి, రంగులో తేడాలు ఉంటాయి" అని జవాబు వచ్చింది. నేను చెప్పింది రంగు గురించి కాదు. మళ్లీ రాశాను, జవాబు లేదు.

ఇంకో రెండు. శిలల్లో కొన్నింటికి పాలిష్ పట్టారు. గ్రానైట్ ముక్క గోళీలా నున్నగా ఉంది. చూడ్డానికి బాగుంటుంది కానీ చదువుకు పనికిరాదు. రాయి విరిగిన తాజా ముఖం మీదే గింజలు, మెరుపు, విరుపు తెలుస్తాయి. రాతి ఉప్పు, అంటే హేలైట్, 14వ అర. నవంబరు ముసురులో గాలిలో చెమ్మకు అది తడితడిగా అయ్యి స్పాంజిలోకి దిగిపోయింది. పక్క అరలోని పైరైట్‌కు కూడా తుప్పు మచ్చలు వచ్చాయి. కొన్నవాళ్లు మొదటిరోజే హేలైట్ తీసి మూత బిగించే డబ్బాలో విడిగా పెట్టుకోండి. కొన్నాళ్లకు నాది కరిగి సగమైంది, తీసేశాను.

కానీ నా దృష్టిలో అసలు లోపం వేరే ఉంది. చీటీలో పేర్లున్నాయి, ఊర్లు లేవు. ఆ రాయి ఎక్కడ దొరికిందో ఒక్కదానికీ రాయలేదు. మొదట్లో అది నాకు లోపంగా తోచలేదు. మా సార్ పెట్టె చూసి అన్ని రాళ్లూ తిప్పి, "దీన్ని ఎక్కడ తీశారు?" అని అడిగారు. తెలీదు సార్ అన్నాను. "అయితే ఇది సగం శాంపిలే అమ్మా" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి టైం పట్టింది.

కొంత మా వంటింట్లోనే అర్థమైంది. గట్టు కడప బండ. నిమ్మకాయలు కోసే చోట నిగనిగ పోయి, తెల్లగా గరుకుగా ఒక మచ్చ. అమ్మ ఎంత తోమినా పోదు. కడప బండ సున్నపురాయి, నిమ్మరసంలోని పులుపు దాన్ని కరిగిస్తుంది. రసాయనిక శైథిల్యం, అంటే రసాయనాల వల్ల రాయి కరిగి అరగడం అనే పాఠం నాకు ఈ గట్టు మీదే ఉంది. వాన నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఇదే పని నిమ్మరసం కంటే ఎంతో నెమ్మదిగా, లక్షల ఏళ్లు చేస్తే గుహలవుతాయి. బెలూం గుహలు అలాంటి నల్ల సున్నపురాయిలోనే ఏర్పడ్డాయి, 3,229 మీటర్ల పొడవు. పెట్టెలో 19వ నంబరు సున్నపురాయి కూడా మంచిదే. కానీ అది ఏ కొండదో, ఏ గుహ పక్కదో తెలియకపోతే దాంతో నేను ఇంత దూరం ఆలోచించలేను.

మిగతాది ఘాట్ రోడ్డు మీద అర్థమైంది. డిపార్ట్‌మెంట్ ఫీల్డ్ ట్రిప్‌లో తిరుమల కొండ దగ్గరికి తీసుకెళ్లారు. సుత్తి తేవద్దని ముందే చెప్పారు. అది అడవి, పైగా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన చోటు, రాయి తీయకూడదు. లెన్స్ మాత్రం అందరి మెడలో ఉంది. అక్కడ కొండ రెండు భాగాలు. కింద గ్రానైట్, మా అరుగు లాంటిదే, గుండ్రంగా అరిగిన బండలు. దాని మీద ఎర్రటి క్వార్ట్‌జైట్, పొరమీద పొర పేర్చినట్టు. రెంటికీ మధ్య ఒక గీత. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు, అంటే కింది రాయికీ పై రాయికీ మధ్య ఎంతో కాలం ఖాళీ ఉన్న హద్దు. గ్రానైట్ భూమి లోపల చల్లారింది. పైకి రావాలంటే దాని మీదున్న కిలోమీటర్ల మందం రాయి అరిగిపోవాలి. అరిగాక, దాని మీద నీళ్లు ఇసుక పరిచాయి. ఆ ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. ఆ గీతలో చెరిగిపోయిన కాలం 50 కోట్ల ఏళ్లకు పైమాటే.

1788లో జేమ్స్ హట్టన్ అనే భూశాస్త్రవేత్త స్కాట్లాండ్‌లో సికార్ పాయింట్ దగ్గర పడవలో వెళ్లి ఇలాంటి గీతనే చూసి భూమి వయసు గురించి అంతవరకూ ఉన్న లెక్కలన్నీ చాలవన్నాడని క్లాసులో చెప్పారు. అక్కడి గీతలో పోయిన కాలం ఆరున్నర కోట్ల ఏళ్లు. మన కొండది దానికి ఎన్నో రెట్లు. ప్రపంచంలో జియాలజీ చదివే పిల్లలంతా సికార్ పాయింట్ బొమ్మ చూసి ఈ పాఠం నేర్చుకుంటారు. మనకు బస్సు కిటికీలోంచి కనిపిస్తుంది. తిరుపతి వాళ్లు ఈ పేపరు తీసుకుంటే గర్వంగా తీసుకోండి.

క్వార్ట్‌జైట్ మీద లెన్స్ పెట్టి చూశాను. ఇసుక గింజలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. ఇసుకరాయి విరిగితే గింజ చుట్టూ విరుగుతుంది, క్వార్ట్‌జైట్ గింజను చీల్చుకుంటూ విరుగుతుంది. ఒక బండ పైముఖం మీద అలల గీతలున్నాయి, మా స్వర్ణముఖి ఇసుకలో నీళ్లు ఇంకిపోయాక మిగిలే గీతల్లాంటివే. వేలితో తడిమాను. తర్వాత పైకి వెళ్లి శిలాతోరణం చూశాం. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉండే ఆ తోరణం కూడా ఈ క్వార్ట్‌జైటే. చిన్నప్పటి నుంచి దండం పెట్టుకుని వచ్చేసిన చోట ఈసారి అరగంట నిలబడ్డాను.

పెట్టెలో గ్రానైట్ ఉంది, 16వ నంబరు. క్వార్ట్‌జైట్ ఉంది, 22వ నంబరు. రెండూ నా దగ్గరున్నాయి. కానీ ఆ గీత ఏ పెట్టెలోనూ రాదు.

ఆ రాత్రి నాయనకు చెప్పాను. అన్నం తింటూ విని, "ఆ మలుపు కాడ రాయి మారతాదని నాకు తెలుసు పాపా. కింద గుండ్లు గుండ్లుగా ఉంటాది, పైన పెట్టెలు పేర్చినట్టుంటాది. వాన పడితే పైదాంట్లోంచే రాళ్లు జారేది. ఎందుకో తెలీదు గానీ పద్దెనిమిదేండ్లుగా చూస్తానే ఉండా" అన్నాడు. పొరలు, పగుళ్లు ఉన్న రాయిలోకి నీళ్లు దిగితే ముక్కలు జారతాయని నేను పుస్తకంలో చదివింది ఆయన స్టీరింగ్ వెనక కూర్చుని చదివాడు. చెయ్యి కడుక్కున్నాక లెన్స్ ఇచ్చి అరుగు మీద ఎలా చూడాలో చూపించాను, టార్చి నేను పట్టుకున్నాను. చాలాసేపు లేవలేదు.

కొనేవాళ్లకు నేను చెప్పేది ఇది. లెన్స్ తప్పకుండా కొనండి, మొదటి వారమే కొనండి. పెట్టె అయితే ఖనిజాలు మాత్రమే ఉన్న చిన్నది చూసుకోండి, మోస్ వరుస ఉంటే చాలు. పాలిష్ పట్టినవి వద్దు. దొరికిన చోటు రాసి ఇచ్చేవాళ్లు ఉంటే వంద రూపాయలు ఎక్కువైనా వాళ్ల దగ్గరే తీసుకోండి. వచ్చిన రోజే చాకు, టైలు పట్టుకుని ప్రతి రాయినీ సరిచూసుకోండి. శిలల కోసం డబ్బులు పెట్టొద్దు. ఇల్లు కట్టే చోటికి వెళ్లండి. నేను కొన్న పెట్టెకు ఐదుకు రెండున్నర ఇస్తాను, ఆ రెండున్నర కూడా ఖనిజాల వల్లే. ప్రాక్టికల్స్‌లో బల్ల మీద పెట్టిన ఖనిజాలన్నీ చేతిలోకి తీసుకోగానే చెప్పగలిగాను, దానికి కారణం ఈ పెట్టే అని ఒప్పుకోవాలి.

మా వీధి చివర ఇల్లు కడుతున్నారు. కంకర కుప్పలో ఎక్కువ బూడిదరంగు గ్రానైట్, మధ్యలో నల్ల ముక్కలు. చిత్తూరు, కుప్పం వైపు బ్లాక్ గ్రానైట్ అని పాలిష్ పట్టి అమ్మే రాయి చాలా వరకు ఇదే, అసలు పేరు డోలరైట్. పాత గ్రానైట్ పగుళ్లలోకి కింది నుంచి మాగ్మా, అంటే కరిగిన రాయి, ఎక్కి, అక్కడే గోడలా గట్టిపడితే డైక్ అంటారు. మేస్త్రీని "అన్నా, ఒక రాయి తీసుకుంటా" అని అడిగితే "ఒకటేందిమ్మా, బుట్ట తెచ్చుకో" అన్నాడు. రెండు సాయంత్రాలు వెతికాను. రెండో రోజు ఒక ముక్క దొరికింది, సగం బూడిద, సగం నలుపు. రెంటి మధ్య గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. లెన్స్‌లో చూస్తే నల్లభాగం గీతకు దూరంగా గింజలు కనిపించేలా ఉంది. గీత దగ్గరికి వచ్చే కొద్దీ గింజలు సన్నబడి, చివరికి కాటుకలా నున్నగా అయిపోయింది. వేడి మాగ్మా చల్లటి గ్రానైట్‌ను తాకిన చోట త్వరగా చల్లారింది, గింజ పెరగడానికి టైం దొరకలేదు. క్లాసులో చిల్డ్ మార్జిన్ అని చెప్పింది నా అరచేతిలో రెండు వేళ్ల వెడల్పున ఉంది.

కంకర తెచ్చే టిప్పర్ మళ్లీ వచ్చేదాకా మూడు రోజులు ఆగి, క్వారీ ఎక్కడో డ్రైవరన్నను అడిగాను. ఇప్పుడా ముక్క పెట్టెలో ఖాళీ అయిన 14వ అరలో ఉంది. చీటీలో హేలైట్ అన్న మాట కొట్టేసి, డోలరైట్, గ్రానైట్ కలిసిన ముక్క అని రాసి, కింద ఆ క్వారీ ఉన్న ఊరి పేరు, తేదీ రాశాను.